నాన్న పెట్టిన కామెంటు

పోయినవారం నన్ను మా అన్నయ్య క్వార్టర్ గేటు దగ్గర నిలబెట్టి మీరు పత్రిక మూసేశారు. వారం రోజులు అక్కడే నిలబడ్డాను అనుకోండి. మరచిపోయినవాళ్ల కోసం, ఈ వారమే కొత్తగా చేతికి తీసుకున్నవాళ్ల కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

నా పేరు జ్యోతిర్మయి. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుని. బొగ్గు ఇంజన్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికొచ్చి రైల్వేలో చేరినవాళ్ల మనవరాలిని. మా అన్నయ్య తిరుమలరావు లోకో ఇన్‌స్పెక్టర్, ఇంజన్ డ్రైవర్ల పైన అధికారి. ఆయనకి ఒక్కతే కూతురు, భానుప్రియ. సిర్గిట్టి దాటాక ఉన్న ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ కాలేజీ ల్యాబ్‌లో ఎం.టెక్ చదివే ఓ సీనియర్ దాని మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేశాడని మర్యాదగా రాస్తున్నాను. జరిగింది అంతకంటే ఎక్కువే, మీకు తెలియక కాదు. వాడి పేరు మాత్రం నా నోటితో పలకను.

భాను ఆ సంగతి తల్లికి చెప్పలేదు, తండ్రికి చెప్పలేదు. జ్వరమని గదిలో పడుకుంది. నాకు చెప్పింది. ఇద్దరం వెళ్లి కాలేజీ కమిటీకి ఫిర్యాదు ఇచ్చాం. ఎలా పొక్కిందో ఏమో, అమ్మాయి పేరు లేకుండా ఊరి ఆన్‌లైన్ వార్తల పేజీలో వచ్చేసింది. సోమవారం భాను కమిటీ ముందు కూర్చుని నోరు విప్పి చెప్పాలి. తోడుగా ఇంట్లోవాళ్లని ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. "నాన్న నా పక్కన కూర్చుంటే చెప్పగలను అత్తా. లేకపోతే వెళ్లను. బస్, అంతే," అంది. ఆ మాట మోసుకుని ఆదివారం పొద్దున్న అన్నయ్య ఇంటికి వచ్చాను.

అన్నయ్య వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు చాపుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఫోన్ చూసుకుంటున్నాడు. పక్కనే పీట మీద మా వదిన కనకం ఎర్ర తోటకూర ఏరుతోంది. నన్ను చూడగానే అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

"రా, జ్యోతీ. సరిగ్గా టయానికొచ్చినావు. ఇలగ కూకో. నీకోటి సూపించాల."

"ఏటది?"

"ఆ కాలేజీ పిల్ల గొడవ లేదేటి, ఆ పేజీలో నేనొక కామెంట్ పెట్టినాను. నాదే పైకెల్లిపోనాది. అందరికన్నా ఎక్కువ లైకులు నాకే."

వెళ్లి వదిన పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా భాను గది కిటికీ. తలుపు వేసి ఉంది గానీ కిటికీ రెక్క ఓరగా తెరిచే ఉంది.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. నాకూ అది ఆ పూటే తెలిసింది. మా వదిన హిందీ బాగానే మాట్లాడుతుంది. బజారులో బేరమాడితే ఛత్తీస్‌గఢీ కూడా గడగడా వస్తుంది. చదవడం మాత్రం తెలుగే. అందుకని ఆ వార్త వచ్చిన నాటినుంచీ అన్నయ్య రోజూ పొద్దున్న టీ తాగుతూ ఆ పేజీలోని హిందీ కామెంట్లన్నీ తెలుగు చేసి పెళ్లానికి పైకి చదివి వినిపిస్తున్నాడు. ఇంజన్ల చప్పుడులో బతికిన గొంతు ఆయనది. మెల్లిగా మాట్లాడటం ఆయన తల్లి కడుపులోనే నేర్చుకోలేదు.

"ఇది ఇను," అని మొదలెట్టాడు. "'ఒక చేత్తో చప్పట్లు మోగవు' అంటన్నాడు ఈయనెవరో రిటైర్డ్ మాస్టారు. 'మా రోజుల్లో ఆడపిల్లలు దీపాలు పెట్టే ఏలకి ఇంట్లో ఉండీవారు'. ఇది ఆడమనిషే రాసినాది, సూడు. ఇంకోడు, 'ఆ కుర్రోడిని నడిబజార్లో ఉరి తియ్యండి' అంటన్నాడు. దాని కింద ఇంకోడు, 'ముందు వాడిదే కులమో చెప్పండి, ఆ తరవాత మాటాడదాం' అంటన్నాడు."

నేను ఆ కామెంట్లన్నీ అప్పటికే చదివి ఉన్నాను. చదవకుండా ఉండలేకపోయాను, అదొక రోగం. పిల్లని తప్పుపట్టినవాడూ, కుర్రాణ్ని ఉరి తియ్యమన్నవాడూ ఒకే ఊపులో రాసి, మరుక్షణం క్రికెట్ వార్త కిందకి వెళ్లి అక్కడా అంతే ఊపుతో రాస్తారు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందనేది మా అమ్మ. ఇప్పుడు నాలుకతో కూడా పనిలేదు, బొటనవేలు చాలు. అంతమందిలో ఆ పిల్ల అన్నం తింటోందా అని అడిగిన మనిషి నాకు కనబడలేదు. అలాగని అందరూ రాక్షసులని అనను. ఒకమ్మాయి రాసింది, "నాకూ ఇలాగే జరిగింది, నేను చెప్పలేకపోయాను, నువ్వు చెప్పావు" అని. దాని కింద ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ చూసిన రోజు నేను ఆఫీసులో కుదురుగా కూర్చోలేక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చాను.

"నీదేదో చదువు అన్నయ్యా," అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'రైల్వేలో ఎన్నో యాక్సిడెంట్ ఎంక్వయిరీలు చేసినవాణ్ని. ఏ ఎంక్వయిరీలోనైనా మొదటి ప్రశ్న ఒక్కటే. ఆ మనిషి ఆ వేళ అక్కడ ఎందుకున్నాడు? ఇక్కడ కూడా అదే అడగాలి. కాలేజీ వేళ దాటాక ఆ అమ్మాయి ల్యాబ్‌లో ఎందుకుంది? ఎవరి అనుమతితో ఉంది? ఎందుకు అరవలేదు? ఇన్నాళ్లు ఆగి ఇప్పుడెందుకు ఫిర్యాదు చేసింది? వీటికి జవాబు వచ్చాకే అబ్బాయి మీద వేలెత్తాలి. ఆ తల్లిదండ్రులు కూడా తమ పెంపకం గురించి ఆలోచించుకోవాలి.' అంతే. ఎలగుంది?"

"బాగుంది," అన్నాను. పళ్లు నూరుకుంటూ అన్నానని ఆయనకి తెలియలేదు.

"ఒక బూతు లేదు, ఒక తిట్టు లేదు. పద్ధతిగా అడిగినాను. కింద ఎంతమంది రాసినారో సూడు. 'అంకుల్ అనుభవమున్న మనిషి, కరెక్ట్‌గా చెప్పారు' అని."

అదే నా ఒళ్లు మండించింది. బూతులు రాసినవాణ్ని వెధవ అనుకుని పక్కన పెట్టేస్తాం. పద్ధతిగా అడిగినవాడి వెనకాల పెద్దమనుషులు వరస కడతారు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. డ్యూటీలో పొరపాటు చేసిన డ్రైవర్ల పిల్లలకి స్కూలు ఫీజు కట్టిన మనిషి. ఆయనకి తెలిసిన న్యాయం ఒక్కటే, అది ఎంక్వయిరీ. పట్టాలు తప్పిన బండి దగ్గర ఎలా నిలబడి అడుగుతాడో, ఈ పిల్ల దగ్గరా అలాగే నిలబడి అడిగాడు.

"అన్నయ్యా, ట్రాక్ మీద పని చేస్తన్న గ్యాంగ్‌మన్‌ని బండి గుద్దేసిందనుకో. ముందు ఏటి సేస్తావు?"

"ఆస్పత్రికి పంపుతాం."

"అప్పుడు స్ట్రెచర్ పట్టుకుని అడుగుతావేటి, నువ్విక్కడ ఎందుకున్నావు అని?"

"అది వేరు, ఇది వేరు. నేనడిగింది ఎంక్వయిరీ."

"నిన్నెవరు ఎంక్వయిరీ ఆఫీసరుగా వేసినారు?"

అన్నయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మా వదిన ఇద్దరికీ సర్దిచెప్పబోయింది, పాపం. "పోనీలే జ్యోతీ. ముల్లెల్లి అరిటాకు మీద పడినా, అరిటాకెల్లి ముల్లు మీద పడినా సిరిగేది ఆకే కదా. ఆ తల్లి కూతుర్ని కాస్త కనిపెట్టుకుని ఉండాల. ఏటి సేస్తన్నాదో, పొద్దుపోతే ఎక్కడుంటన్నాదో తెలీదా తల్లికి?"

"ఈ సామెత మా నానమ్మ కాలం నుంచి వింటన్నాను. ఆ ముల్లుని నరకమని ఒక్కరూ అనరేటి వదినా?"

"నువ్వు మరీను," అంది వదిన, తోటకూర కాడ విరుస్తూ.

ఇక ఆగలేకపోయాను. ఎలా మొదలెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మరచిపోయాను. "అన్నయ్యా, ఆ పిల్ల ఎవరో తెల్సునా నీకు?"

"ఎవరైతే మాత్రం? నా ప్రశ్నలు మారతాయేటి?"

అప్పుడు తలుపు తెరుచుకుంది.

భాను బయటికి వచ్చింది. నూనె లేని జుట్టు వెనక్కి ముడేసుకుని, పాత నైట్ డ్రెస్సులో, మొహం కడుక్కుని వచ్చింది. వచ్చి అన్నయ్య ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. తండ్రిని కాక ఆయన చేతిలో ఉన్న ఫోన్‌ని చూస్తూ మాట్లాడింది.

"నాన్నా, నువ్వు రాసిన ప్రశ్నలకి జవాబులు నా దగ్గరున్నాయి. చెప్పనా?"

"నీకేటి తెల్సమ్మా? ఆ పిల్ల నీ క్లాసేటి?"

"నేనే నాన్నా."

అన్నయ్య నవ్వబోయాడు. ఏదో పరాచికం అనుకున్నాడు కాబోలు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ నవ్వు సగంలో ఆగి, ఏం చెయ్యాలో తెలియక మొహం మీద అలాగే ఉండిపోయింది.

"జొరమన్నావు కదమ్మా," అంది వదిన. అంతే అంది. మళ్లీ అదే మాట, "జొరమని కదా సెప్పినావు."

"జ్వరం కాదమ్మా."

భాను గొంతు వణకలేదు. వణికి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

"అక్కడెందుకున్నానని అడిగావు. ఎగ్జిబిషన్‌కి మా మోడల్ రెడీ చెయ్యాలి. ల్యాబ్ తాళం అతని దగ్గరే ఉంటుంది. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు, బస్ టైం అయిందని వాళ్లు ముందు వెళ్లిపోయారు. ఎవరి అనుమతి అని అడిగావు కదా. అమ్మకి ఫోన్ చేశాను నాన్నా. లేట్ అవుతుందని. నువ్వు పక్కనే ఉన్నావు. 'పని మజ్జిలో వదిలీకూడదు, పూర్తి సేసుకునే రమ్మను' అని వెనకాల నుంచి నువ్వే అరిచావు. మత్‌లబ్, అంటే అనుమతి నీదే."

"అమ్మా," అన్నాడు అన్నయ్య.

"ఎందుకు అరవలేదు అంటే. అరుద్దామనే అనుకున్నాను. గొంతు రాలేదు. ఎందుకు రాలేదో నాకు కూడా తెలీదు. రోజూ నన్ను నేనే అడుగుతున్నాను, నువ్వు అడగక ముందు నుంచే."

"సాల్లే, సాలమ్మా. ఇంక వొద్దు."

"లేదు, వినాలి. నువ్వు అంతమంది ముందు అడిగావు. ఇక్కడ మనం నలుగురమే ఉన్నాం. ఇంకొకటే మిగిలింది. ఇన్నాళ్లు ఎందుకు ఆగానని. నేను ఆగలేదు నాన్నా. ఆ మర్నాడే నీకు చెబుదామని వచ్చి ఇదే స్టూలు మీద కూర్చున్నాను. టీవీలో వేరే ఊరి వార్త ఏదో వస్తోంది, అలాంటిదే. నువ్వు టీ తాగుతూ, 'ఆ పిల్ల అక్కడికి ఎందుకెల్లినాదో' అన్నావు. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను."

వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాడు.

"పబ్లిక్ కామెంట్లు ఒక్కటి కూడా నేను చదవలేదు," అంది భాను. ఈసారి తండ్రి ముఖంలోకి చూసింది. "ఫోన్ ఆఫ్ చేసి పెట్టుకున్నాను. అత్త కూడా చదవొద్దంది. చదవాల్సిన పనే పడలేదు. రోజూ పొద్దున్న మంచం మీద పడుకునే అన్నీ విన్నాను. అందరూ నీ గొంతుతోనే మాట్లాడారు నాన్నా."

నేను పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. కన్న కడుపు కోత అంటే ఏమిటో నాకేం తెలుసని అంటుంటారు. ఆ నిమిషంలో మాత్రం నా గుండె చెరువైపోయింది. అన్నయ్య మీద జాలి పడాలో, ఆయన చెంప పగలగొట్టాలో తెలియలేదు. రెండూ చెయ్యాలనే అనిపించింది.

అన్నయ్య లేచాడు. ఫోన్ చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వెనక దొడ్లోకి వెళ్లిపోయాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి.

వదిన పీట మీంచి లేచి కూతురి దగ్గరికి వెళ్లింది. తోటకూర రంగు పట్టిన చేతులు చీరకి తుడుచుకుని, భాను తల పట్టుకుని పొట్టకి ఆనించుకుంది.

"నేను కూడా అన్నానమ్మా. 'ఆ తల్లి, ఆ తల్లి' అని రోజూ నేనూ అన్నాను."

"విన్నానమ్మా."

కాసేపటికి వదిన లోపలికెళ్లి పెరుగన్నం కలిపి తెచ్చింది. అంచుకి ఆవకాయ. ముద్దలు చేసి చేతిలో పెడితే భాను తింది. ఆ పిల్ల అన్ని ముద్దలు తినడం నేను చూసి ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు చెమర్చాయి. ఇంట్లో తెలిసిపోయింది, ఇంక ఫరవాలేదు, గండం గడిచింది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"అత్తా," అంది భాను తింటూ. "ఒకటి మాత్రం బాగుంది. నా పేరు బయటికి రాలేదు. అతని ఇంట్లోవాళ్లు కూడా వకీలు చెప్పాడని నోరు మూసుకున్నారు. కాలేజీలో ఎవరో అనుకుంటున్నారు తప్ప నేనని తెలీదు. రేపు ఆ గేట్లోంచి మామూలుగా నడిచి వెళ్లొచ్చు. అదొక్కటే నా చేతిలో ఉంది. అది కూడా పోతే మాత్రం నా వల్ల కాదు."

"ఎందుకు పోతాదే. ఎవరు సెప్తారు?" అన్నాను.

అన్నయ్య దొడ్లోంచి తిరిగి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు, చొక్కా ముందు భాగం తడిసిపోయి ఉంది. వచ్చి భాను పక్కన నేల మీద కూర్చున్నాడు. కూతురి దగ్గర ఆయన అలా నేల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"రేపు నేనొస్తానమ్మా. ఆఫీసుకి ఫోన్ సేసి సెలవు సెప్పీసినాను. నీ పక్కనే కూకుంటాను. ఎవరడిగినా నువ్వు సెప్పు, నేను నోరెత్తను."

భాను ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, ఎడమచేత్తో తండ్రి భుజం పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లూ నా దగ్గర కూడా అలా ఏడవలేదు. వెక్కి వెక్కి ఏడుస్తూ, "నాన్నా, నాన్నా" అంటూనే ఉంది. అన్నయ్య దాని వీపు రాస్తూ కూర్చున్నాడు. వదిన పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

ఏడుపు సద్దుమణిగాక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో ఏదో బరువు దిగిన తేలిక కనబడింది.

"ఇంకోటమ్మా. నేను అందరి ముందు అన్నాను కదా, ఇంట్లో మూల కూకుని క్షమించమంటే అది మగతనం కాదు. మా రన్నింగ్ స్టాఫ్‌లో ఒకటే పద్ధతి. ఎర్ర సిగ్నల్ దాటేసిన డ్రైవరు మాట తిప్పకూడదు. ఎక్కడ తప్పు సేసినాడో అక్కడే నిలబడి 'నాదే' అనాల. అప్పుడే వాణ్ని మనిషంటారు. నేనూ అలగే ఒప్పీసుకున్నాను."

భాను చెయ్యి ఆయన భుజం మీంచి జారింది. "ఎక్కడ ఒప్పుకున్నావు?"

"అక్కడే. నా కామెంట్ కింద."

"ఏం రాశావు నాన్నా?"

అన్నయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. అలవాటైన గొంతుతోనే చదివాడు, ఈసారి కాస్త బొంగురుగా. "'నేను అడిగిన ప్రశ్నలన్నీ తప్పు. ఆ అమ్మాయి నా సొంత కూతురే. నా ప్రతి ప్రశ్నకీ ఆమె జవాబు చెప్పింది. ఆమె చెప్పేది నిజం. తప్పు నాది. తండ్రిగా ఆమెకి క్షమాపణ చెప్పుకుంటున్నాను.' నా పేరూ, ఫొటో పైన ఎలాగూ ఉంటాయి."

చదవడం అయ్యాక మా ముగ్గుర్నీ చూశాడు. మెచ్చుకుంటామనుకున్నాడు. దేవుడి మీద ఒట్టు, ఆ మనిషి నిజంగానే అలా అనుకున్నాడు.

నాకు ముందు అర్థమైంది, తరవాత వదినకి. అన్నయ్య పేరు తెలియని రైల్వే ఇల్లు బిలాస్‌పూర్‌లో లేదు. ఆయనకున్నది ఒక్కతే కూతురు. ఆ కూతురు ఏ కాలేజీలో చదువుతోందో షెడ్‌లో టీ తెచ్చేవాడిక్కూడా ఆయనే చెప్పి ఉంటాడు. ఇంకెవరూ పేరు రాయక్కర్లేదు.

ఫోన్ టంగుమంది. మళ్లీ టంగుమంది. ఆ తరవాత ఆగలేదు.

"తీసెయ్యి అన్నయ్యా," అన్నాను. "ముందది తీసెయ్యి."

ఆయనకి అప్పుడు తెలిసింది. ఏదేదో నొక్కాడు, తప్పు నొక్కాడు, చివరికి తీశాడు. "తీసీసినాను. లేదమ్మా ఇప్పుడు. సూడు, లేదు."

"నీ ఫోన్లోంచి తీశావు," అంది భాను. "చూసినవాళ్ల ఫోన్లలోంచి ఎవరు తీస్తారు?"

"నీ మంచికే రాసినానమ్మా. నీ మాట నిజమని అందరికీ తెలియాలని."

"నన్ను ఒక్క మాట అడగలేదు నాన్నా. తిట్టినప్పుడు అడగలేదంటే, ఎవరో పిల్ల అనుకున్నావు. ఇప్పుడైతే నేనని తెలుసు కదా. ఈ వంటింటి గుమ్మం ఇవతలే ఉన్నాను. ఒక్కసారి వచ్చి, రాయనా అని అడగలేదు."

అన్నయ్య ఫోన్ నేల మీద బోర్లా పెట్టాడు.

భాను లేచి చెయ్యి కడుక్కుంది. తువ్వాలుతో తుడుచుకుని, దాన్ని మడత పెట్టి తీగ మీద వేసింది. "రేపు నేను వెళ్లడం లేదు అత్తా. కమిటీ మేడమ్‌కి నువ్వే ఫోన్ చేసి చెప్పు."

నేను ఏదో అనబోయాను. ఇంతలో గేటు గెడ తీసిన చప్పుడైంది.

వచ్చింది పోలయ్య. అన్నయ్య దగ్గర షెడ్‌లో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు, వెనక లైన్లో కొడుకు క్వార్టర్లో ఉంటాడు. భానుని చిన్నప్పుడు సైకిల్ మీద బడికి దింపినవాడు. ఊరికే కూర్చోలేక సెక్యూరిటీ గార్డుగా చేరాడు, అదీ భాను కాలేజీలోనే. డ్యూటీకి బయల్దేరినవాడు బయల్దేరినట్టే వచ్చినట్టున్నాడు, ఒంటి మీద ఆ నీలం యూనిఫాం ఉంది. టోపీ చేత్తో పట్టుకుని వరండా మెట్ల కిందే ఆగిపోయాడు.

"అన్నా, ఇప్పుడే ఫోన్లో సూసినాను. మన భానేనేటి?"

అన్నయ్య కూతురి వైపు తిరిగి, అది ఏం చెబుతుందా అని ఆగాడు. ఆయన అలా ఆగడం ఆ రోజు అదే మొదటిసారి.

భాను మెట్ల దాకా వెళ్లింది. "నేనే బాబాయ్. అడిగేది ఏదైనా ఉంటే నన్నే అడుగు."

"అడగడానికి రాలేదమ్మా." పోలయ్య చేతిలోని టోపీ వైపు చూస్తూ చెప్పాడు. "ఆ సాయంత్రం ఆ బిల్డింగ్ కాడ నాదే డ్యూటీ. ఆ కుర్రోడు ల్యాబ్ తాళాలు నాకే ఇచ్చినాడు. సెంప మీద గోళ్లతో గీరినట్టు రక్తం. ఏటిది బాబూ అంటే, తీగ గీసుకున్నాది అన్నాడు. ఆడి కన్నా ముందే ఎవరో పిల్ల చున్నీ మొహానికి కప్పుకుని మెట్లు దిగి పరిగెట్టినాది. పడిపోయి లేచినాది. నాకు మొహం కనబడలేదు. తరవాత ఆ కుర్రోడి నాన్న వచ్చి, నువ్వేమీ సూడలేదు కదా అన్నాడు. సూడలేదండీ అనీసినాను."

నేను గోడ పట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఎందుకలా అన్నావు బాబాయ్?" అంది భాను. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

పోలయ్య తల దించుకున్నాడు.

"ఎవరి పిల్లో అనుకున్నానమ్మా."

వదిన గుమ్మంలో కూలబడిపోయింది. అన్నయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు ఆ పేజీలో రాసిన జనమంతా, మర్యాదగా అడిగినవాళ్లూ, తిట్టినవాళ్లూ, మా ఇంటి మెట్ల కింద ఆ ఒక్క యూనిఫాంలో నిలబడినట్టు అనిపించింది.

భాను మెట్లు దిగింది. పోలయ్యకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నిలబడింది.

"ఇప్పుడు తెలిసింది కదా. రేపు నేను వెళ్తాను. నువ్వు ఆ గదిలోకి వచ్చి ఈ మాట చెప్తావా?"

పోలయ్య టోపీని చేతుల్లో తిప్పాడు. ఆ ఉద్యోగం, కొడుకు, ఆ కుర్రాడి తండ్రి, అన్నీ ఆయన ముఖంలో నాకు కనబడ్డాయి. తల ఎత్తి, భాను మీదుగా, వరండాలో కూర్చున్న మా అన్నయ్య వైపు చూశాడు, ఏం చెప్పమంటావు అన్నట్టు.

"నాన్నని కాదు బాబాయ్," అంది భాను. "నన్ను చూసి చెప్పు."